పేతురు మనవరాలు మోసపోలేదు

పేతురును ఎవరూ మోసం చేయలేరు. ఇది ఆయన మాటే. చేవెళ్ల రూట్లో రిటైరయ్యేదాకా బస్సు కండక్టరుగా చేశాడు. చంకలో బిడ్డతో బస్సెక్కిన తల్లి "నాలుగేండ్లే సారూ" అంటే నమ్మేవాడు కాదు. బిడ్డ గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, ముందుపళ్లు ఊడాయో లేదో చూసి, హాఫ్ టికెట్ కొట్టి తల్లి చేతిలో పెట్టేవాడు. బస్సంతా చూస్తుంటే ఆ తల్లి తల దించుకునేది. "నన్ను మోసం చేసేటోడు ఇంక పుట్టలే" అని మా ఊరు హిమాయత్‌నగర్‌లో దిగాక కూడా చెప్పుకుంటూ ఇంటికి వచ్చేవాడు. నేను వాళ్ల ఎదురింటిదాన్ని, అంతమ్మను. ఆ మాట విని విని నా చెవులు కాయలు కాశాయి కాబట్టి, ఆయన కథ చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ఇలాంటి మనిషికి కూడా ఒక ప్రేమ ఉండేది. పెళ్లాం మీద కాదు, కొడుకు మీద కాదు, ఫుట్‌బాల్ మీద. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో చదివిన రోజుల్లో పట్టుకున్న పిచ్చి అది. మా ఊరు చూస్తే క్రికెట్ ఊరు. పొలంలో జొన్న కోయగానే మూడు కట్టెలు పాతుతారు. ఫుట్‌బాల్ అంటే మాకు క్రిస్మస్ ముందు మా చర్చి యూత్‌కూ ముడిమ్యాల చర్చి యూత్‌కూ జరిగే ఒక్క పోటీ, అంతే. దానికి ఎప్పుడూ పేతురే రెఫరీ. ఒకసారి మా చర్చి కుర్రాడు బాల్‌రాజ్ బంతి మీదికి పోయి పడి, మోకాలు పట్టుకుని అరిచాడు. పేతురు వెళ్లి పైనుంచి చూసి, "నాటకం. లే" అన్నాడు. లేవకపోతే హెచ్చరికగా పసుపు కార్డు చూపించాడు. లేపి నిలబెట్టి ఆడమన్నాడు. బాల్‌రాజ్ ఆడాడు కూడా. విరిగిన ఆ కాలు మళ్లీ సరిగ్గా అతుక్కోలేదు. ఈనాటికీ కుంటుతూనే వచ్చి ఆటో ఎక్కుతాడు, చేవెళ్ల రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు.

పేతురుకు జీవితంలో కావాల్సింది ఒక్కటే. టీవీలో ఆట వస్తుంటే తన పక్కన కూర్చుని, తనలాగే చూసే మనిషి. అది దొరకలేదు. పెళ్లైన కొత్తలో ఆయన భార్య శాంతమ్మ కూర్చుంది, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ చాట మీదే నిద్రపోయింది. తరువాత కొడుకు రత్నాకర్‌ను కూర్చోబెట్టాడు. వాడికి ఏడేళ్లప్పుడు, ఎవడు నిజంగా పడ్డాడో ఎవడు ఉత్తుత్తిగా పడ్డాడో పట్టుకోవడం నేర్పాలని, వాకిట్లో తానే పడి గిలగిలా కొట్టుకున్నాడు. వాడు "బాపు సచ్చిపోయిండు" అని వీధివీధీ తిరిగి ఏడ్చాడు. పేతురు లేచి దుమ్ము దులుపుకుని, ఆ సంగతి బస్సులో అందరికీ చెప్పి నవ్వించాడు. ఆ తరువాత ఇంట్లో బంతి కనబడితే చాలు, రత్నాకర్ చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. వాడు పెద్దవాడయ్యాడు, పట్నంలో ఉద్యోగం దొరికింది, లిదియాను చేసుకున్నాడు. తండ్రితో అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా అదే ఇంట్లో ఉన్నాడు.

ఆ రత్నాకర్ కూతురే కృపాజ్యోతి. జ్యోతి అంటాం. నాలుగేళ్ల పిల్ల ఒక సాయంత్రం గ్లాసులో పాలు పట్టుకుని తాత దగ్గర నిలబడింది. టీవీలో ఎవరో పడి, మొహం పట్టుకుని దొర్లుతున్నాడు. పిల్ల కాసేపు చూసింది.

"తాతా, గా అన్న ఉత్తగనే ఏడుస్తుండు."

పేతురు టీవీ సౌండ్ తీసేశాడు. "ఎట్ల తెల్సు బిడ్డా?"

"కాలికి తాకింది. మూతి పట్టుకున్నడు."

ఆయన పిల్లను భుజాల మీద ఎక్కించుకుని వీధిలోకి వచ్చాడు. మా ఇంటి ముందు ఆగి ఆ మాట పిల్లతో నాకు రెండుసార్లు చెప్పించాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను. పేతురు కళ్లలో నీళ్లంటే ఊళ్లో ఎవరికి చెప్పినా నన్నే అబద్ధాలకోరు అంటారు, కానీ చూశాను. పాపం, ముసలితనానికి తోడు దొరికిందని సంబరపడ్డాడు. నాకూ సంతోషమేసింది.

ఆ తరువాత వాళ్లిద్దరిదీ వేరే లోకం. ఆదివారం పొద్దున చర్చి, సాయంత్రం ఆట. ఒకే చాప, మధ్యలో పల్లీల పళ్లెం. చాప మీద మక్కగింజలు పేర్చి ఎవరు ముందుంటే ఆఫ్‌సైడ్ అవుతుందో నేర్పించాడు. ఏ మొగోళ్లకూ చెప్పి ఒప్పించలేని సంగతి ఆ పిల్ల రెండు పూటల్లో పట్టుకుంది. గోల్ పడితే ఇద్దరూ లేచి ఎగిరేవాళ్లు, ఆ చప్పుడుకు మా ఇంట్లో కోళ్లు బెదిరేవి. పిల్ల నిద్రలో కూడా "కార్నర్" అని కలవరించేదట. ఆయన ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని ఓపిక, నవ్వు, ముద్దు, అన్నీ దాచి పెట్టుకుని దానికిచ్చాడు. అది నిజం. ఆ నిజం చెప్పకపోతే మిగిలిందంతా అర్థం కాదు.

వాళ్ల ఆటలో ఆట ఒకటుండేది. తెర మీద ఎవరైనా పడగానే ఇద్దరూ మెడ చాచి చూడాలి. "నిజమా, నాటకమా?" అని తాత అడుగుతాడు. పిల్ల చెప్పాలి. నాటకమైతే మిఠాయి డబ్బా అట్టతో చేసిన పసుపు కార్డు టీవీకి చూపించాలి. రెండోసారీ నాటకమైతే సబ్బుపొడి డబ్బాలోంచి కత్తిరించిన ఎర్ర కార్డు. ఎర్ర కార్డు పడ్డవాడి వైపు ఆట అయ్యేదాకా చూడకూడదు, వాడి గురించి మాట్లాడకూడదు. ఇది పేతురు పెట్టిన చట్టం. "పది మంది పడితే తొమ్మిది మందిది నాటకమే బిడ్డా. పదోడు గూడ సగం నాటకమే" అని చెప్పేవాడు.

చెప్పి ఊరుకుంటే పేతురు ఎందుకవుతాడు. పరీక్ష పెట్టాలి కదా.

పిల్లకు ఐదో ఏడు నడుస్తుండగా, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర పడిపోయాడు. కళ్లు తేలేసి నాలుక బయట పెట్టాడు. జ్యోతి కెవ్వుమని అరిచి, చెంబుతో నీళ్లు తెస్తూ సగం దారిలోనే ఒలకబోసి, ఆయన మీద పడి ఏడ్చింది. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఓడిపోయినవ్. నీ బాపు లెక్కనే అయినవ్."

శిక్ష ఏమిటంటే, వచ్చే ఆదివారం ఆట లేదు. పిల్లను బయట మెట్టు మీద కూర్చోబెట్టి లోపల గడియ పెట్టుకున్నాడు, టీవీ సౌండ్ మాత్రం పెంచాడు. అది తలుపుకు చెవి ఆనించి, "తాతా, ఎవరు కొట్టిండ్రు? తాతా, గోల్ ఎవరిది?" అని అడుగుతూనే ఉంది. నేను ఎదురింటి నుంచి చూడలేక వెళ్లి తలుపు కొట్టాను.

"పేతురన్నా, పసిపిల్ల. లోపటికి రానియ్యి."

"నీ సీరియల్ నువ్వు సూస్కోపో అంతమ్మా. లోకం రేపు దీన్ని ఏడిపిస్తది. గప్పుడు వచ్చి కాపాడ్తవా నువ్వు?"

శాంతమ్మ వంటింట్లోంచి, "ఎందుకట్ల సతాయిస్తవ్ దాన్ని" అంది. అంతకంటే గట్టిగా ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

రెండోసారి పడ్డప్పుడు పిల్ల ఏడవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, తరువాత చంకలో గిలిగింతలు పెట్టింది. ఆయన నవ్వాపుకోలేకపోయాడు. మూడోసారికి దగ్గరికి కూడా రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, గౌను జేబులోంచి పసుపు కార్డు తీసి పైకెత్తి, "నాటకం. లే" అంది. ఆ మాట తీరు, ఆ గొంతు, అచ్చం ఆయనదే. పేతురు లేచి పిల్లను ఎత్తుకుని ముద్దుల్లో ముంచాడు. ఆ రోజు మటన్ వండించాడు.

ఇంక ఆ విద్యను ఊరికి చూపించాలి. పోయిన క్రిస్మస్ రోజున, ఆరాధన తరువాత చర్చి వెనక అందరం వరుసగా కూర్చుని తింటుంటే, వడ్డిస్తున్న పేతురు గిన్నె వదిలేసి ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. మేమంతా ఎంగిలి చేతులతోనే లేచి ఉరికాము. పాస్టరు గారు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టారు. బాల్‌రాజ్ కుంటి కాలితోనే పోయి నీళ్ల జగ్గు పట్టుకొచ్చాడు. గుంపును తోసుకుంటూ జ్యోతి వచ్చింది, ఒక చేతిలో కోడి ముక్క. రెండో చేత్తో కార్డు చూపించింది.

"నాటకం తాతా. లే. అన్నం సల్లారుతుంది."

పేతురు లేచి కూర్చుని పడీపడీ నవ్వాడు. "సూసిండ్రా? ఇంతమంది మోసపోయిండ్రు. నా మనుమరాలు మోసపోలే." తరువాత నీళ్ల జగ్గు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు. "ఏం బాల్‌రాజూ, మంచిగనే ఉరికినవ్ గదా. అంటే కాలు బాగనే ఉన్నదన్నట్టు."

బాల్‌రాజ్ జగ్గులో నీళ్లు మట్టిలో పోసి వెళ్లిపోయాడు. మాలో కొందరు నవ్వాం. నవ్వకపోతే ఆయన నోరు మన మీద పడుతుంది.

తరువాత ఎండాకాలం వచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం రత్నాకర్, లిదియా ముడిమ్యాలలో పెళ్లికి పోయారు. మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం, శాంతమ్మ మా ఇంట్లోనే ఉంది. జ్యోతి తాత దగ్గర ఆట చూస్తానని ఉండిపోయింది. మేము ఇక్కడ డప్పు మీద పాట ఎత్తుకున్నాం. అక్కడ లోపల ఏం జరిగిందో తరువాత చెప్పింది జ్యోతే. ఏడేళ్ల పిల్ల, దాచడం తెలియదు, అడిగినవాళ్లందరికీ అడిగినట్టే చెప్పింది.

నీలం చొక్కాల వాళ్లు వాళ్లిద్దరి జట్టు. వాళ్లు కొట్టిన గోల్ చెల్లదన్నాడు రెఫరీ. పేతురు కోపంతో లేచి నిలబడ్డాడు. ఏదో తిట్టబోయి, మాట రాక, పక్కకు ఒరిగి పళ్లెం మీద పడ్డాడు. పల్లీలు చెదిరిపోయాయి. జ్యోతి చూసింది. తాత మూతి ఒక పక్కకు వంకరపోయింది, చొంగ కారుతోంది. ఇదివరకెప్పుడూ ఇంత బాగా చేయలేదు. పిల్ల చప్పట్లు కొట్టింది.

"ఈసారి మంచిగ చేసినవ్ తాతా. గాని నేను మోసపోను."

పసుపు కార్డు చూపించింది. ఆయన లేవలేదు. కదిలే ఎడమ చేత్తో దాని గౌను అంచు పట్టుకుని లాగాడు. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఆటలో చొక్కా పట్టి లాగడం కూడా తప్పే, అదీ ఆయన నేర్పిందే. పిల్ల రెండోసారి పసుపు కార్డు, ఆ వెంటనే ఎర్ర కార్డు చూపించి, గౌను విడిపించుకుని, ఆయనకు వీపు పెట్టి కూర్చుంది.

ఎర్ర కార్డు పడ్డవాడి వైపు చూడకూడదు. అది చూడలేదు. వెనక నుంచి ఆయన మూలుగుతూనే ఉన్నాడు. మధ్యలో విరామం వచ్చింది, పిల్ల చాప మీద పల్లీలు ఏరుకుని తిన్నది. కొంతసేపటికి చాప తడిసింది. తాత ఒంటికి పోసుకున్నాడని తెలిసింది. ఇన్నిసార్లు పడ్డా అది మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఆ ఒక్కదానికి దాని గుండెలో దడ పుట్టిందట. "అడుగుదామనుకున్న నానమ్మా. గాని ఎర్ర కార్డు ఇచ్చినంక మాట్లాడొద్దు గదా. మాట్లాడితే మల్ల మెట్టు మీద కూసోబెడ్తడు" అని శాంతమ్మకు చెప్పింది. మిగిలిన పల్లీలు గుప్పిట్లో పట్టుకుని పొడి వైపుకు జరిగింది.

ఆట అయిపోయింది. నీలం చొక్కాలు గెలిచాయి. అప్పుడు తిరిగి, "ఐపోయింది తాతా. మనోళ్లే గెలిచిండ్రు. ఇంక లే" అంది.

అదే సమయానికి శాంతమ్మ ఇల్లు చేరింది. ఆమె అరుపు మాకు వినిపించింది. ఎవరూ ఉరకలేదు. "ముసలోడు మల్ల మొదలుపెట్టిండు" అని మా కూడికలో ఎవరో అంటే మిగతావాళ్లు నవ్వారు. ఇంకో పాట కూడా అందుకున్నారు. శాంతమ్మ మా గడప దాకా వచ్చి, నేల మీద కూర్చుండిపోతే అప్పుడు లేచాం. ఆటో కోసం బాల్‌రాజ్‌ను పిలిచాం. వచ్చాడు, రాకపోవడం ఏమీ లేదు. గుమ్మం దగ్గర ఆగి, కుంటి కాలు జాపుకుని వంగి, పేతురు మొహంలోకి చూశాడు.

"పేతురన్నా, నిజమేనా?"

ఎగతాళికి అనలేదని ఈనాటికీ అంటాడు. నేను నమ్మను. పేతురు కళ్లు మాత్రం బాల్‌రాజ్ మీదే ఉన్నాయి. ఆ కళ్లలో నుంచి నీళ్లు చెవి వైపుకు కారాయి. తరువాత బాల్‌రాజూ నేనూ పట్టి ఆటోలో పడుకోబెట్టాం.

దవాఖానలో డాక్టరు పక్షవాతం అన్నాడు. పడ్డ వెంటనే తెస్తే చెయ్యీ కాలూ మాటా నిలబెట్టే వీలుండేదని, ఇప్పుడు చేసేదేమీ లేదని చెప్పాడు. పడ్డప్పటి నుంచి ఆయనకు తెలివి ఉందా అని శాంతమ్మ అడిగింది. ఉండే ఉంటుంది అన్నాడు. అంటే ఆయన అన్నీ విన్నాడన్న మాట. ఆటా విన్నాడు, మా పాటలూ విన్నాడు.

లిదియా పెళ్లికి కట్టుకున్న చీరతోనే వరండాలోకి వచ్చింది. కూతుర్ని భుజాలు పట్టి ఊపేసింది. "ఒక్క కేక ఏస్తే సరిపోవు గదనే. తాత సస్తుంటే పల్లీలు తినుకుంట కూసున్నవా?" రత్నాకర్ పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆపలేదు. ఆ పిల్ల చేసింది తన తండ్రి నేర్పిందేనని ఒక్క మాట అనొచ్చు కదా, అనలేదు. జ్యోతి జేబులోంచి రెండు కార్డులూ తీసి, అక్కడున్న చెత్తడబ్బాలో వేసింది. ఏడవలేదు. ఏడవకూడదని దానికి బాగా నేర్పించారు.

పేతురును ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశారు. కుడి పక్క పనిచేయదు. నోట్లోంచి "ఆ, ఆ" తప్ప రాదు. ఏ చూపుకు బస్సంతా వణికేదో ఆ చూపు ఒక్కటే మిగిలింది. కొన్ని వారాలకు, ఒక ఆదివారం సాయంత్రం, రత్నాకర్ మంచాన్ని టీవీ వైపు తిప్పాడు. తండ్రి తల కింద ఇంకో దిండు పెట్టి ఫుట్‌బాల్ పెట్టాడు.

"సూడు బాపూ. ఇంక నిన్ను ఆపేటోళ్లు ఎవ్వరు లేరు." అని చెప్పులేసుకుని పోయాడు.

పేతురు టీవీ చూడలేదు. తలుపు వైపు చూసి "ఆ, ఆ" అన్నాడు. శాంతమ్మకు అర్థమై జ్యోతిని చేయి పట్టుకుని తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. నేను అప్పుడే అంబలి గిన్నెతో వెళ్లి గుమ్మంలో ఉన్నాను. పిల్లను చూసి ఆయన మొహంలో బాగున్న సగం నవ్వింది. అంత జరిగినా పిల్ల మీద కోపం లేదు. తోడు కావాలి, అంతే.

కాసేపటికి తెర మీద ఒకడు పడ్డాడు. మోకాలు పట్టుకుని దొర్లుతున్నాడు. పేతురు ఎడమ చేయి లేచింది. వేలు అటూ ఇటూ ఊపాడు, నాటకం అన్నట్టు. తరువాత మనవరాలి వైపు తిరిగి, జవాబు కోసం చూశాడు.

జ్యోతి "నిజమే తాతా" అంది. "నొప్పి అయితుంది ఆయనకు. ఎవ్వరు వస్తలేరు." లేచి పోయి ప్లగ్గు పీకేసింది.

ఆయన "ఆ, ఆ" అని ఎంత అరిచినా మళ్లీ పెట్టనివ్వలేదు. తరువాతి ఆదివారం శాంతమ్మ పెడితే, తెరకు అడ్డం నిలబడి, ఎవరో ఒకరు పడేదాకా చూసి, పడగానే చెవులు మూసుకుని కిందకూర్చుంది. ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో బంతి ఆట పెట్టడం లేదు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం నా గడపలో కూర్చుంటే వాళ్ల ముందుగది కనిపిస్తుంది. మంచం ఇంకా టీవీ వైపే ఉంది, తిప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పేతురు నల్లటి తెర చూస్తూ పడుకుంటాడు. పక్కన స్టూలు మీద జ్యోతి కూర్చుంటుంది. లిదియా ఆడుకోవడానికి పొమ్మన్నా పోదు. నానమ్మ అన్నానికి పిలిచినా లేవదు. ఆయన కళ్లు మూసుకుంటే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి, "తాతా, నిజమా?" అని అడుగుతుంది. ఆయన ఎడమ చేయి ఎత్తేదాకా అడుగుతూనే ఉంటుంది. జీవితమంతా పక్కన కూర్చుని చూసే మనిషి కావాలనుకున్నాడు. ఆ మనిషి వచ్చి కూర్చుంది, ఆయన్నే చూస్తోంది.